మన జట్టు ఏది? – హాకీ అభిమానులుగా మా కథ, కొంత చరిత్ర

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వండని సంఘం పెద్దలు అడిగినప్పుడు, గండికోట గురించో, పెన్నా ఒడ్డునున్న పాత మసీదుల గురించో రాస్తామని వారు అనుకొని ఉంటారు. అవి రాయగలిగినవారు మన జిల్లాలో చాలామంది కలరు. మేము రాయదలచుకున్నది రాజుల చరిత్ర కాదు. హాకీ ఆటను మూడు తరాలుగా వెంటబడి వచ్చిన మామూలు మనుషుల చరిత్ర. ఇందులో జమ్మలమడుగులోని మా నానా ఇల్లు ఉంది, ప్రొద్దుటూరులోని ఒక టీ అంగడి ఉంది, ఇప్పుడు మేము పాఠాలు చెప్పే పులివెందుల బడి ఉంది.

ఈ వ్యాసానికి కారణం మా బడిలోని ఎనిమిదో తరగతి పిల్లవాడు. 2025 ఫిబ్రవరి 1న హాకీ ఇండియా లీగ్ ఫైనల్ జరిగింది. హైదరాబాద్ తూఫాన్స్ జట్టు బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3 తేడాతో ఓడిపోయింది. ఆ తరువాత బడికి పోయినప్పుడు మా ముఖం చూసి వాడు ఉర్దూలో అడిగినాడు. తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది: "సార్, హైదరాబాదు తెలంగాణలో కదా ఉండేది. మనం ఆంధ్రావాళ్ళం. అది మన జట్టు ఎట్లా అయితాది?"

తరగతిలో మేము ఏదో సర్దిచెప్పినాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఎందుకంటే అదే ప్రశ్న వేరే మాటల్లో, వేరే నోట మేము ఇంతకు ముందు కూడా విని ఉన్నాము. ఆ సంగతి వరుసగా చెబుతాము.

నానా రేడియో

మా అమ్మ పుట్టినిల్లు జమ్మలమడుగు. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో మా నానాది చిన్న మిద్దె. ఆయన చదువు ఉర్దూలో నాలుగు తరగతులకు మించలేదు. అయినా ఆ వీధిలో ఆయనకొక ప్రత్యేక ఉద్యోగం ఉండేది. జీతం లేని ఉద్యోగం. హాకీ మ్యాచ్ ఉన్న రోజు రేడియోలో వచ్చే హిందీ వ్యాఖ్యానాన్ని తెలుగులో చెప్పడం.

ఆ కాలంలో మన పల్లెల్లో, పట్టణాల్లో హిందీ తెలిసినవారు తక్కువ. ఉర్దూ తెలిసిన మనవాళ్ళకు అది సులభంగా అర్థమయ్యేది. జస్‌దేవ్ సింగ్ గొంతు రేడియోలో పరుగెత్తుతూ ఉంటే, మగ్గం దిగి వచ్చిన నేతపనివారు, బండ్లు తోలేవారు అరుగు మీద కూర్చొని మా నానా వైపు చూసేవారంట. "ఏమంటాండాడు సాయిబూ?" అని ఒకరు, "బంతి ఎవరి కాడ ఉండాది మామా?" అని ఇంకొకరు. ఆయన "కుడి పక్కనుంచి మనోడు పోతాండాడు, ఇద్దరిని దాటినాడు" అని చెప్పుకుంటూ పోయేవారు. గోల్ పడినప్పుడు మాత్రం తెలుగు మరచిపోయి ఉర్దూలోనే కేక వేసేవారు. ఆ కేకకు అనువాదం ఎవరూ అడిగేవారు కారు.

1975 మార్చిలో కౌలాలంపూరులో జరిగిన ప్రపంచ కప్పు గురించి మేము ఆయన నోట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మేము అప్పటికి పుట్టలేదు, అయినా ఆ మ్యాచ్ చూసినట్టే ఉంటుంది. సెమీ ఫైనల్లో మన దేశానికి ఎదురు మలేషియా, ఆడేది వాళ్ళ ఊళ్ళోనే. ఆట ముగియడానికి ఇంక కొద్ది నిమిషాలే ఉంది, మనం 2–1తో వెనుకబడి ఉన్నాము. అప్పుడొక పెనాల్టీ కార్నర్ దొరికింది. హాకీ తెలియని ఇంటివారి కోసం ఒక మాట: ప్రత్యర్థులు గోల్ ముందరి అర్ధచంద్రాకారపు గీత లోపల తప్పు చేస్తే ఇచ్చే అవకాశమే పెనాల్టీ కార్నర్. గోల్ గీత మీదనుంచి ఒకరు బంతిని బయటికి నెడతారు, రెండవవాడు ఆపుతాడు, మూడవవాడు కొడతాడు. ఆ రోజు కొట్టడానికి అంతసేపూ బయట కూర్చోబెట్టిన భోపాల్ కుర్రవాడు అస్లమ్ షేర్ ఖాన్‌ను లోపలికి పంపించారు. అతడు మెడలోని తావీజును ముద్దు పెట్టుకొని బంతి కొట్టినాడు. గోల్ పడింది. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ ఇంకొకటి కొట్టగా 3–2తో మనం ఫైనల్ చేరినాము. అస్లమ్ తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ జట్టులో ఆడి స్వర్ణం తెచ్చినవాడు.

మార్చి 15న ఫైనల్, పాకిస్తాన్ మీద. మొదటి గోల్ వాళ్ళదే. తరువాత సుర్జీత్ సింగ్ సమం చేసినాడు, ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ గెలుపు గోల్ కొట్టినాడు. 2–1. అజిత్‌పాల్ సింగ్ నాయకత్వంలో మన దేశం గెలిచిన ఆ ప్రపంచ కప్పే పురుషుల హాకీలో మనకు మొదటిది. ఈ వ్యాసం రాసే నాటికి కూడా అదొక్కటే. ఆ సాయంత్రం అరుగు మీదివాళ్ళు మా నానాను భుజాల మీద ఎక్కించుకున్నారని మా అమ్మ చెబుతుంది. ఆయన గోల్ కొట్టలేదు, కొట్టినవాని సంగతి చెప్పినాడు. వాళ్ళకు అదే చాలింది.

పచ్చిక పోయి తివాచీ వచ్చింది

మరుసటి సంవత్సరమే ఆట మారిపోయింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు. మనవాళ్ళు ఏడవ స్థానానికి దిగిపోయినారు. పచ్చిక మీద, మట్టి మీద బంతిని కట్టె కొనకు అంటించుకొని ఆడే మన నేర్పు ఆ నున్నటి తివాచీ మీద కొంత తక్కువైంది. అక్కడ పరుగు, దెబ్బ బలం ఎక్కువ కావాలి. అసలు కష్టం ఖర్చుది. అట్లాంటి మైదానం పరచాలంటే కోట్లు కావాలి, దానికి నీళ్ళు పట్టాలి. తాగే నీటికే బిందెలు వరుసలో పెట్టే మన సీమలో ఆట కోసం మైదానానికి నీళ్ళు పడతారని చెబితే మా నానా నమ్మలేదంట.

1980లో మాస్కోలో భాస్కరన్ నాయకత్వంలో స్పెయిన్ మీద 4–3తో గెలిచి ఎనిమిదవ ఒలింపిక్ స్వర్ణం తెచ్చినారు. పడమటి దేశాలు చాలా వరకు రాలేదన్నది నిజమే. అయినా ఆ జట్టులో కాశీ నగరపు మొహమ్మద్ షాహిద్, అలీగఢ్‌కు చెందిన జఫర్ ఇక్బాల్ కలిసి ఆడిన ఆటను పెద్దవాళ్ళు ఇప్పటికీ తలచుకుంటారు. ఎడమ పక్కన జఫర్ పరుగు, లోపల షాహిద్ మెలికలు. షాహిద్ 2016లో చనిపోయినప్పుడు ప్రొద్దుటూరులో మేమెరిగిన ఒక ముసలాయన, ఇంట్లో మనిషి పోయినట్టు, ఆ రోజు అంగడి తెరవలేదు.

మాస్కో సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్. జఫర్ ఇక్బాల్ కెప్టెన్. పాకిస్తాన్ చేతిలో మనం 7–1తో ఓడినాము. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి డబ్బు తిని గోల్స్ వదిలినాడని దేశమంతా పుకారు లేచింది. ఏ రుజువూ లేదు. ఆ మనిషి ఏళ్ళ తరబడి ఆ నింద మోసినాడు. చివరకు 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన మన ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపింగ్ నేర్పినవారిలో ఒకడుగా నిలబడినాడు. 2007లో వచ్చిన చక్ దే ఇండియా సినిమాకు ఆయన కథ ఒక ప్రేరణ. సినిమాలో ఆ పాత్రకు కబీర్ ఖాన్ అని పేరు పెట్టినారు. ఓడిపోయిన ఆటగాని పేరు అట్లా ఉంటే నింద ఎంత తొందరగా అంటుకుంటుందో చూపడానికే ఆ పేరు పెట్టినారని మాకు అనిపించింది. ఈ మాట ఎందుకు అంటున్నామో ముందు తెలుస్తుంది.

కానుగ కట్టెల కాలం

మా చదువు ప్రొద్దుటూరులో సాగింది. మేము ఆడిన హాకీని హాకీ అనడానికి ఇప్పుడు నవ్వు వస్తుంది. కానుగ కొమ్మో, వేప కొమ్మో వంపు చూసి నరుక్కొని, నిప్పు మీద కాచి ఇంకొంచెం వంచి, గుడ్డ పేలికలు చుట్టేవాళ్ళం. బంతి అంటే పాత టెన్నిస్ బంతి. ఎండాకాలంలో పెన్నా ఎండిపోయినప్పుడు ఇసుక పక్కనున్న గట్టి నేల మా మైదానం. అసలు హాకీ కట్టె ఒక్కటే ఉండేది మా జట్టులో. దానిని వంతుల వారీగా పట్టుకొనేవాళ్ళం.

అప్పటికి క్రికెట్ జ్వరం అంతటా పట్టింది. మేము హాకీ వార్తల కోసం పత్రికల చివరి పేజీలో కింది మూల వెదికేవాళ్ళం. ఆ మూలలో మాకు ఇష్టమైన పేరొకటి తరచు కనిపించేది: ఎన్. ముకేశ్ కుమార్. హైదరాబాదువాడు. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడినవాడు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో ధన్‌రాజ్ పిళ్ళై నాయకత్వంలో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు అతడూ అందులో ఉన్నాడు. 1966 తరువాత ఆసియా క్రీడల్లో హాకీ స్వర్ణం మళ్ళీ అప్పుడే వచ్చింది. అతని బొమ్మ కత్తిరించి లెక్కల పుస్తకానికి అట్టగా వేసుకున్నవాళ్ళం మేము. తెలుగు నేల మీదనుంచి కూడా ఒకడు అంత దూరం పోగలడని మాకు తెలిపినవాడు అతడే.

టీ అంగడిలో ఒక మాట

2004 అక్టోబరు. అప్పుడు మేము టీచరు శిక్షణ ముగించుకొని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉన్నాము. ఉదయం పూట ప్రొద్దుటూరులో మా వీధి చివరి టీ అంగడిలో పత్రిక చదవడం మా పని. పక్కవాళ్ళ కోసం గట్టిగా చదివేవాళ్ళం. నానా పోయినారు గాని ఆయన పని మాకు వచ్చింది.

ఆ రోజుల్లో భారత్, పాకిస్తాన్ హాకీ జట్లు రెండు దేశాల్లో తిరిగి మ్యాచ్‌లు ఆడుతుండేవి. అమృత్‌సర్ మ్యాచ్‌లో పాకిస్తాన్ ఆటగాడు సొహైల్ అబ్బాస్ ప్రపంచ రికార్డు దాటినాడు. అంతర్జాతీయ హాకీలో అన్నిటికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన డచ్ ఆటగాడు పాల్ లిట్యెన్స్ రికార్డు అది. పెనాల్టీ కార్నర్‌లో బంతిని కట్టెతో బలంగా బాదకుండా, నేల మీద ఈడ్చుకొని వచ్చి గోల్ పై మూలకు విసరడంలో సొహైల్‌కు సాటి లేదు. డ్రాగ్ ఫ్లిక్ అంటారు దానిని.

మేము ఆ వార్త చదివి, "ఎవరైనా గాని, వీని చెయ్యి బలే చెయ్యి" అన్నాము. ఆటను ఆటగా చూసే ఎవరైనా అనే మాట. బల్ల చివర కూర్చున్న ఒక పెద్దమనిషి, మేము చిన్నప్పటినుంచి "అన్నా" అని పిలిచే ఆయనే, టీ గ్లాసు దించి అన్నాడు: "మీకు లోపల సంతోషమే గదప్పా. చెప్పండి, మీ జట్టు ఏది?"

అంగడిలో అందరూ మాట ఆపినారు. ఆయన కోపంతో అనలేదు, నవ్వుతూనే అన్నాడు. అదే ఎక్కువ నొప్పి అయింది. మాకు నోట మాట రాలేదు. మాతో ఉన్న మా చిన్న మామూ మాత్రం నెమ్మదిగా చెప్పినారు: "అన్నా, డెబ్బై అయిదులో కప్పు గెలిచిన సంగతి మీ నాయనకు తెలుగులో చెప్పినోడు మా నాయన. ఆయన కేక వేసిందాక గోల్ పడిందని మీ అరుగు మీద ఎవరికీ తెలియదు. మా జట్టు ఏదో మీ నాయనను అడిగి ఉంటే చెప్పేవాడు."

ఆ పెద్దమనిషి సమాధానం చెప్పలేదు. టీ డబ్బులు పెట్టి పోయినాడు. మేము చాలా దినాలు ఆ అంగడికి పోలేదు.

సుల్తాన్లు వచ్చినారు

మూడు నెలలు తిరగకుండానే వింత జరిగింది. 2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. క్రికెట్ ఐపీఎల్ పుట్టడానికి ఇంకా మూడేళ్ళుంది. ఊళ్ళ పేర్లతో జట్లు, టీవీలో రోజూ ఆట, పరదేశపు ఆటగాళ్ళు – ఇవన్నీ మన దేశంలో ముందు హాకీయే చేసి చూపింది. ఆటను రెండు సగాలు కాక, పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేసినారు. తొమ్మిదేళ్ళ తరువాత, 2014లో, ప్రపంచ హాకీ సమాఖ్య కూడా పదిహేను నిమిషాల నాలుగు భాగాల పద్ధతినే పెట్టుకుంది.

ఆ మొదటి సంవత్సరం పోటీలు హైదరాబాదులోని గచ్చిబౌలి స్టేడియంలో జరిగినాయి. అది 2003 ఆఫ్రో–ఏషియన్ క్రీడల్లో మన జట్టు పాకిస్తాన్ మీద 3–1తో గెలిచి స్వర్ణం తీసుకున్న మైదానమే. మన రాష్ట్ర రాజధానికి కూడా ఒక జట్టు వచ్చింది: హైదరాబాద్ సుల్తాన్స్. ఆ పేరును మాకు ఎవరూ తర్జుమా చేయవలసిన పని లేకపోయింది. కెప్టెన్ ఒడిశా ఆదివాసీ బిడ్డ, దిలీప్ తిర్కీ. అతని జట్టులో పెనాల్టీ కార్నర్లు కొట్టడానికి వచ్చిందెవరు? సొహైల్ అబ్బాస్. అతనితో బాటు పాకిస్తాన్‌వాడే వసీం అహ్మద్.

బక్రీదు అయిన కొద్ది రోజులకు మేము నలుగురు మిత్రులం ప్రొద్దుటూరులో రాత్రి బస్సెక్కినాము. ఆళ్ళగడ్డ, నంద్యాల, కర్నూలు మీదుగా తెల్లవారేటప్పటికి హైదరాబాదు చేరినాము. సంచిలో అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, వేరుశెనగ పొడి. గచ్చిబౌలి అప్పటికి ఇంకా ఊరి బయటే. ఆటకు ముందు ఆ పచ్చటి తివాచీ మీద నీళ్ళు చిమ్ముతుంటే మేము నానాను తలచుకున్నాము. ఆయన నమ్మని సంగతి మేము కళ్ళారా చూసినాము.

పెనాల్టీ కార్నర్ వచ్చింది. సొహైల్ గీత దగ్గర వంగి నిలబడినాడు. మన దేశపు కెప్టెన్ దిలీప్ అతని పక్కనే ఉన్నాడు. మూడు నెలల కింద ఎదురెదురుగా నిలిచిన ఇద్దరూ ఇప్పుడు ఒకే రంగు చొక్కా వేసుకొని, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. మా వెనుక కూర్చున్న కాలేజీ పిల్లలు "సొహైల్! సొహైల్!" అని అరుస్తున్నారు. ఆ అరుపులో ఎవరి మతమూ, ఎవరి దేశమూ మాకు వినిపించలేదు. ఆ రోజు ఆయన విసిరిన ప్రతి బంతీ గోల్ కాలేదు. అయినా మా గొంతులు పోయినాయి.

ఫైనల్ మేము ప్రొద్దుటూరులోనే చూసినాము. చాలా దినాల తరువాత ఆ టీ అంగడికే పోయినాము, ఎందుకంటే ఆ వీధిలో కేబుల్ టీవీ పెట్టిన అంగడి అదొక్కటే. ఎదురు జట్టు షేర్–ఎ–జలంధర్. మేము పోయేటప్పటికి ఆ పెద్దమనిషి ముందు వరుసలో కూర్చొని ఉన్నాడు. కార్నర్ దొరికినప్పుడల్లా ఆయనే ముందుగా లేచి, "కొట్టు సొహైలూ, కొట్టు!" అంటున్నాడు. ఆ మాట ఆయన నోట వచ్చినాక ఆయనకే ఏదో గుర్తొచ్చినట్టుంది. వెనక్కు తిరిగి మా వైపు చూసినాడు. ఏమీ అనలేదు. మా మామూకు, మాకు టీ చెప్పినాడు. మేము తాగినాము.

సుల్తాన్లు ఆ కప్పు గెలిచినారు. హాకీలో ప్రీమియర్ లీగ్ మొదటి విజేత మన హైదరాబాదు.

జట్టు పోయింది

అభిమానికి సంతోషం ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోవడం ఈ ఆటకు అలవాటు. ఆ లీగు నాలుగు సంవత్సరాలు నడిచి 2008తో ఆగిపోయింది. సుల్తాన్స్ పేరు కూడా దానితోనే పోయింది. ఆ 2008 హాకీకి చెడ్డ సంవత్సరం. మార్చిలో చిలీ దేశపు శాంటియాగోలో బ్రిటన్ చేతిలో ఓడి, ఎనభై ఏళ్ళలో మొదటిసారి మన జట్టు ఒలింపిక్స్‌కు పోలేకపోయింది. ఏప్రిల్‌లో జాతీయ హాకీ సమాఖ్యనే సస్పెండ్ చేయవలసి వచ్చింది. అదే ఏప్రిల్‌లో క్రికెట్ ఐపీఎల్ మొదలైంది. డబ్బు, టీవీ, జనం అటు పోయినారు. ఒకే నెలలో ఒక ఇల్లు కూలడం, పక్కన ఒక మేడ లేవడం మేము చూసినాము.

2013లో హాకీ ఇండియా లీగ్ అని కొత్తది వచ్చింది. 2017 దాకా అయిదేళ్ళు నడిచింది. అందులో హైదరాబాదుకు జట్టు లేదు. మొదటి సంవత్సరమే ఆడడానికి వచ్చిన పాకిస్తాన్ ఆటగాళ్ళను సరిహద్దు ఉద్రిక్తతల కారణంగా ఆడించకుండానే తిప్పి పంపించినారు. ఆ వార్త చదివినప్పుడు గచ్చిబౌలిలో చెవిలో చెవి పెట్టుకొని మాట్లాడుకున్న ఇద్దరు గుర్తొచ్చినారు. దేశాల సంగతులు మనకు మించినవి. సైనికుల ప్రాణాల ముందు ఆట చిన్నదే. అయినా ఆ 2005 చలికాలం మళ్ళీ రాదని తెలిసి మనసు బరువైంది.

జట్టు లేని అభిమానులు ఏమి చేస్తారు? మేము పత్రిక కింది మూలను చదువుతూనే ఉన్నాము. 2021 ఆగస్టు 5న, టోక్యోలో, జర్మనీ మీద 5–4తో గెలిచి మనవాళ్ళు నలభై ఒక్క ఏళ్ళ తరువాత ఒలింపిక్ పతకం తెచ్చినారు. చివరి క్షణాల్లో గోల్‌కీపర్ శ్రీజేష్ పెనాల్టీ కార్నర్‌ను ఆపినప్పుడు మా చిన్న మామూ మంచంలో ఉన్నారు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి మేము తెలుగులో, ఉర్దూలో కలిపి చెప్పినాము. ఆయన కేక వేయలేకపోయినారు గాని చెయ్యి ఎత్తినారు. 2024 ఆగస్టులో పారిస్‌లో స్పెయిన్ మీద 2–1తో గెలిచి మళ్ళీ కాంస్యం వచ్చింది. దానికి మామూ లేరు.

తూఫాన్, పిల్లవాని ప్రశ్న

2024 డిసెంబరు చివర లీగును తిరిగి మొదలుపెట్టినారు. ఎనిమిది పురుషుల జట్లలో హైదరాబాద్ తూఫాన్స్ ఒకటి. విశాఖపట్నం తరఫున టీమ్ గోనాసిక అని ఇంకొకటి. ఈసారి ఆడవారికి కూడా లీగు పెట్టినారు. అది మాకు చాలా నచ్చింది. ఎందుకంటే మన సీమ ఆడపిల్ల ఒకతె ఈ ఆటలో మగవాళ్ళ కంటే ముందుగా దారి చూపింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా యెనుమలవారిపల్లెకు చెందిన రజని ఎతిమరపు గోల్‌కీపరుగా భారత జట్టు చొక్కా వేసుకుంది. పల్లె బడి మట్టి నేలమీద మొదలైన ఆట ఆమెది.

ఆ సంవత్సరపు పోటీలు రూర్కెలా, రాంచీలలో జరిగినాయి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు హైదరాబాదులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బస్సెక్కి పోదామన్నా పోవడానికి చోటు లేదు. పులివెందులలో ఫోను తెర మీద, బడి అయిన తరువాత నలుగురు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూసినాము. ఫైనల్లో జుగ్‌రాజ్ సింగ్ మూడు గోల్స్ కొట్టి మన చేతినుంచి కప్పు లాగేసుకున్నాడు. ఆ తరువాతనే పిల్లవాడు ఆ ప్రశ్న అడిగింది.

టీ అంగడిలో పెద్దమనిషి అడిగింది, తరగతిలో పిల్లవాడు అడిగింది, రెండూ ఒకే ప్రశ్న. మొదటిది నొప్పించింది, రెండవది ఆలోచింపజేసింది. తరగతిలో చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ రాస్తున్నాము.

నాయనా, జట్టు మనది కావడానికి ఊరు, రాష్ట్రం, పేరు చాలవు. రాష్ట్రాలు 2014లో విడిపోయినాయి, సుల్తాన్లు 2008లో పోయినారు, రేపు తూఫాన్స్ కూడా పోవచ్చు. జట్టు పెట్టినవారు లాభం లేకపోతే మూసేస్తారు, అది వ్యాపారం. మనకు మిగిలేది ఆ ఆటను ఎవరి పక్కన కూర్చొని చూసినాము, ఎవరికి చెప్పినాము, ఎవరితో కలిసి కేక వేసినాము అన్నది. మీ ముత్తాత వయసువాడు ఒకడు జమ్మలమడుగు అరుగు మీద కూర్చొని, తాను చూడని మైదానాన్ని, తనకు తెలియని ఆటగాళ్ళను, తన వీధివాళ్ళకు తెలుగులో చెప్పినాడు. అట్లా చెప్పినందుకు ఆ జట్టు ఆ వీధిలో అందరిదీ అయింది. నీ జట్టు ఏదని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోవద్దు, తల వంచుకోవద్దు. పక్కన కూర్చోబెట్టుకొని ఆట చూపించు, అర్థం కానిది చెప్పు. గోల్ పడినప్పుడు ఆయనే లేస్తాడు.

సంఘం పెద్దలకు ఒక మనవి చేసి ముగిస్తాము. ఏటేటా మన వార్షికోత్సవంలో పిల్లలకు పరుగు పందాలు, కుర్చీల ఆట పెడుతున్నాము. మంచిదే. వచ్చే ఏడు ఒక డజను హాకీ కట్టెలు, నాలుగు బంతులు కొని, మూడు ఊళ్ళ పిల్లలకు ఒక్క దినం ఆట పెడదాము. ఆడపిల్లలకు కూడా. తివాచీ మైదానం మన వల్ల కాదు, గట్టి నేల చాలు. కట్టెల ఖర్చులో మా వంతుగా ఒక నెల జీతంలో కొంత ఇస్తామని ఈ సంచిక ముఖంగా మాట ఇస్తున్నాము. ఆ రోజు గీత పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పే పని మాత్రం మాకు వదలండి. అది మా ఇంటి పని.